సాల్జ్‌బర్గ్‌లో మా ఇంటి కహ్వా

నేను యూరప్ చూశానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఒమాన్‌లో ఇంటిపని చేసుకునేదానికి యూరప్ ఎక్కడిది అని నవ్వుతారు. నవ్వుకోనీండి. ఆస్ట్రియాలో వియన్నా చూశాను, సాల్జ్‌బర్గ్ చూశాను. కాకపోతే అందరిలాగా కెమెరా మెడలో వేసుకుని కాదు, ఒక ముసలామె మంచం పక్కన నిలబడి చూశాను. అట్లా చూసినవే నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మాది కడప జిల్లా. నిజ్వాలో ఒక ఒమానీ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నాను. ఆ ఇంటి పెద్దామెకు డెబ్భై దాటాయి. ఆమెను నేను ‘మామా’ అంటాను. అరబ్బు ఇళ్ళలో యజమానురాలిని అట్లాగే పిలుస్తారు, మన మేనమామతో దానికేమీ సంబంధం లేదు. ఆమె నన్ను ‘బింతీ’ అంటుంది, అంటే బిడ్డా అని. ఆమె మాట్లాడేది అరబ్బీయే గానీ ఇన్నేళ్ళ తర్వాత అది నా చెవిలో మా కడప మాటలాగే పడుతుంది. అందుకే ఆమె మాటలు అట్లాగే రాస్తున్నాను, ‘బింతీ’ అన్నచోట ‘పాపా’ అని.

పొద్దున ఇంటిపని సర్దుకున్నాక నిజ్వా ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు పోయి కహ్వా తాగుతారు. ఏలకులు వేసిన కాఫీ, పాలు ఉండవు, చక్కెర ఉండదు, తీపికి ఖర్జూరం. చెవుల్లేని చిన్న కప్పు, అందులో అడుగున రెండు గుక్కలు పోస్తారు. తాగి కప్పు ముందుకు చాపితే మళ్ళీ పోస్తారు. మళ్ళీ చాపితే మళ్ళీ. చాలనుకున్నవాళ్ళు నోటితో చెప్పరు, కప్పును వేళ్ళతో అటూ ఇటూ ఊపుతారు. ఊపగానే పోసే మనిషి కప్పు తీసేసుకోవాలి. ఊపిన తర్వాత కూడా పోస్తే బలవంతం చేసినట్టు. ఊపకముందే కప్పు లాక్కుంటే ఇంక లేచి పొమ్మన్నట్టు. వచ్చిన కొత్తలో ఇది తెలియక నేను ఒకామెకు పోస్తూనే ఉన్నాను. ఆమె ఊపుతూనే ఉంది. ఆ పూట పెద్దామె పెట్టిన చీవాట్లకు నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి కప్పు కదిలిందంటే నా చెయ్యి దానంతటదే పోతుంది.

ఈ తిరుగుడంటే పెద్దామెకు ప్రాణం. ఈ రోజు వీళ్ళిల్లు, రేపు వాళ్ళిల్లు, ఎల్లుండి అందరూ మా ఇల్లు. అట్లాంటి మనిషి బాత్‌రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పిల్లలందరూ కూర్చుని మాట్లాడుకుని, వియన్నాలో ఆపరేషన్ చేయిద్దామన్నారు. చిన్నకొడుకు వెంట వస్తానన్నాడు. ఆమెకు స్నానం, బట్టలు, పక్క అన్నీ చూడాలి కాబట్టి నన్నూ రమ్మన్నారు.

బయలుదేరేముందు పక్కింటి ఆడవాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళలో ఒకామె మంచిమాట అనుకుని, నడవలేకపోతే ఏముంది, చక్రాల కుర్చీలో తోసుకుని రావచ్చు కదా కహ్వాకు అంది.  వాళ్ళు పోయాక పెద్దామె నాతో చెప్పింది.

“చూడు పాపా, నన్ను కుర్చీలో తోసుకుని ఎవరింటికీ తీసకపోవద్దు. కాళ్ళతో వచ్చేది చుట్టం. చక్రాల మీద వచ్చేది సామాను.”

మమ్మల్ని మస్కట్ విమానాశ్రయంలో దింపింది ఆ ఇంటి డ్రైవరు. జగిత్యాల అతను, నన్ను అక్కా అంటాడు. సామాన్లు దించుతూ, “అక్కా, ఆడ మస్తు సలి ఉంటదట, శెద్దరు వెట్టుకున్నవా?” అన్నాడు. పెట్టుకున్నాను అన్నాను. పెద్దామె వైపు చూసి గొంతు తగ్గించాడు. “ముసలమ్మను నడిపిచ్చుకుంటనే తోల్కరా. కుర్చీల గూసుండవెట్టి మాత్రం తేకు.” అదేదో నా చేతిలో పనైనట్టు చెబుతున్నావే అని కసిరాను గానీ, ఆ మాట నాతోపాటే విమానం ఎక్కింది.

వియన్నాలో ముందు నాకు చెవులేమైనా మూసుకుపోయాయా అనిపించింది. ట్రామ్ నిండా జనం, ఒక్కరూ గట్టిగా మాట్లాడరు. కుక్కలు కూడా ట్రామ్ ఎక్కుతాయి, అవీ మొరగవు. టికెట్ అడిగే మనిషి కనబడడు, అయినా కొనుక్కునే ఎక్కుతారు. రోడ్డు దాటాలంటే దీపంలో ఎర్ర బొమ్మ పోయి పచ్చ బొమ్మ రావాలి. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క బండి లేదు, అయినా అందరూ నిలబడ్డారు. నేను కడపలో దాటినట్టే దాటేశాను. అవతల చంటిపిల్ల చెయ్యి పట్టుకుని నిలబడినామె నన్ను చూసిన చూపుకి, వెనక్కి పోయి మళ్ళీ మొదటినుంచి దాటుదామా అనిపించింది. ఆ తర్వాత నేనూ నిలబడటం నేర్చుకున్నాను. ఇప్పుడు నిజ్వాలో కూడా నిలబడతాను, వెనకాల డ్రైవరు నవ్వుతుంటాడు.

ఆదివారం పెద్దామె పెరుగు అడిగిందని వీధి వీధీ తిరిగాను. కొట్లన్నీ మూసేశారు. ఇంత పెద్ద పట్నంలో పెరుగు దొరక్కపోవడమేమిటని ఒళ్ళు మండింది. తిరిగొస్తుంటే ఒక కాఫీ హోటల్ మాత్రం తెరిచి ఉంది. అద్దంలోంచి చూశాను. పెదాలకు ఎర్రరంగు, తలకు టోపీ పెట్టుకుని ఒక ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. ముందర ఒక కాఫీ, ఒక గ్లాసు నీళ్ళు, చేతిలో పేపరు. పెరుగు వెతుక్కుంటూ నేను ఈ దారినే పోయేటప్పుడు కూడా ఆమె అక్కడే ఉంది, అదే కాఫీ. ఇంత సేపూ ఎవరూ ఆమెను లెయ్యమనలేదు. అది నాకు నచ్చింది. మన దగ్గర హోటల్లో టీ తాగడం అయ్యీ కాకముందే బల్ల తుడవడానికి వస్తారు. కానీ ఇంకొంచెం పొయ్యమంటావా అని కూడా ఆమెను ఎవరూ అడగలేదు.

గదికి వచ్చి పెద్దామెకు చెప్పాను. ఆమె “పోసేదానికి ఆమెకు ఎవరూ లేరా?” అని అడిగింది. నాకు తెలియదన్నాను. సాయంత్రం దాకా ఆమె ఇంకో రెండుసార్లు ఆ మాటే అడిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు కొడుకును కూర్చోబెట్టి చెప్పాడు, కొడుకు నాకు చెప్పాడు. ఎముక సంగతి మేము చూశాం, ఇక నడక సంగతి ఆమె చూసుకోవాలి. ఇప్పుడు వెంటనే నడవకపోతే కండ కరిగిపోతుంది, తర్వాత ఆమె నడవాలనుకున్నా కాళ్ళు రావు. అందుకని ఇంటికి పోయేలోగా సాల్జ్‌బర్గ్‌లో నడక నేర్పే ఆస్పత్రిలో కొన్ని వారాలు ఉండాలన్నారు.

రైల్లో పోయాం. దారంతా పచ్చిక, ఆవులు, కడిగిపెట్టినట్టున్న ఇళ్ళు. పెద్దామె కిటికీలోంచి చూస్తూ, “ఈ మనుషులకు దేవుడు నీళ్ళు బాగా ఇచ్చినాడు పాపా, మాటలే కొంచెం తక్కువ ఇచ్చినాడు” అంది. పక్క సీటు మనిషి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పాపం, అతనికేం తెలుసు.

సాల్జ్‌బర్గ్‌లో మేమున్నన్ని రోజులూ వానే. ఊరి మధ్యలో ఏరు, ఏటి పక్కన ఎత్తు గుట్ట, గుట్ట మీద తెల్లటి కోట. పాత బజారులో సందులన్నీ ఇరుకు, కొట్ల ముందు వేలాడే ఇనప బోర్డులకు పూలూ తీగెలూ చెక్కి ఉంటాయి. కొడుకు ఒకసారి కారులో ఊరంతా తిప్పితే పెద్దామె కోటను తేరిపార చూసి, “మన నిజ్వా కోట గుండ్రంగా నిండుగా ఉంటాది, దీనికి మూలలెక్కువ” అని తేల్చేసింది. వాన మాత్రం ఆమెకు మహా ఇష్టం. నిజ్వాలో నాలుగు చినుకులు పడితే బండ్లేసుకుని వాగులు చూడటానికి పోయే మనుషులు వీళ్ళు. ఇక్కడ జనం గొడుగుల కింద మొహాలు మాడ్చుకుని పోతుంటే ఈమె కిటికీ తెరిపించి అరచెయ్యి తడుపుకునేది.

అన్నిటికీ సరే, నడకకు మాత్రం ససేమిరా. నడక నేర్పే అమ్మాయి మంచి పిల్ల, ఓపిక గల పిల్ల. పెద్దామె నడుముకు బెల్టు కట్టి వెనకనుంచి పట్టుకుంటుంది, ఒక అడుగు వేస్తే చప్పట్లు కొడుతుంది. అక్కడే వచ్చింది చిక్కు.

“నన్ను గొడ్డును పట్టినట్టు పట్టుకుంటాది. చప్పట్లు ఒకటి. నేనేమన్నా కొత్తగా నడిచే చంటిదాన్నా? నేను నడవను, పోయి చెప్పు ఆ పిల్లకు.”

నేను బతిమాలాను, కోప్పడ్డాను, రేపటినుంచి కహ్వా కాచనని బెదిరించాను. కాచకపోతే నేనే లేచి కాచుకుంటా అంటుందేమోనని ఆశ. అనలేదు. గోడకు తిరిగి పడుకుంది.

మా వరండా చివరి గదిలో ఆస్ట్రియా ఆమె ఒకతె ఉండేది. ఈమె వయసే. పొట్టి తెల్ల జుట్టు, నీలం ఫ్రేము కళ్ళద్దాలు. ఆమెకూ తుంటి ఆపరేషనే. నడిచేటప్పుడు ఊతకు పట్టుకునే చక్రాల బండిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పొద్దునా సాయంత్రం మా గుమ్మం ముందు నడుస్తూ లోపలికి చూసి ‘గ్రూస్ గాట్’ అనేది. అదేమిటని కొడుకును అడిగితే, దేవుడు మిమ్మల్ని పలకరించాలి అని అర్థమన్నాడు. పెద్దామె లేచి కూర్చుంది. “అయితే సలామ్ చెప్పినట్టే గదా. దేవుడి పేరెత్తి పలకరించిన మనిషిని గుమ్మంలోనే నిలబెడతారా? రమ్మను.”

వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఖర్జూరం చూపించి తినమని సైగ చేశాం, తినింది. నేను కాచి ఫ్లాస్కులో పెట్టిన కహ్వా పోశాను. పెద్దామె తాగి కప్పు చాపడం, నేను పోయడం చూసి, ఆమె కూడా మొదటి కప్పు తాగేసి తనదీ చాపింది. కప్పు అటూ ఇటూ ఊగింది. నేను తీసేసుకున్నాను. ఆమె నా మొహం చూసింది, ఫ్లాస్కు చూసింది, నవ్వి ఊరుకుంది.

ఆమె పోయాక పెద్దామె సంబరం చూడాలి. “చూసినావా పాపా, కప్పు ఊపింది. మన పద్ధతి ఆమెకు తెలుసు. ఎంత మర్యాదస్తురాలు.” కొడుకు కూడా, ఎప్పుడో గల్ఫ్‌కు వచ్చి ఉంటుందిలే అన్నాడు. ఒక్క కప్పుకే చాలనడం ఇద్దరికీ ముచ్చటగా అనిపించింది, ఆశపోతు కాదని.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చేది. రోజూ ఒక్క కప్పే, రోజూ ఊపేది, నేను తీసుకునేదాన్ని. కాసేపు కూర్చుని లేచేది. ఒకరోజు అట్లా ఆమె లేస్తుంటే పెద్దామె కాళ్ళు మంచం దించింది. నేను గబగబా పోయి, ఏమైంది మామా అన్నాను.

“ఏం గాలేదు. చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపొద్దా?”

నా చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో మంచం కమ్మీ, ఆ తర్వాత గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. అప్పుడే వరండాలో వస్తున్న నడక అమ్మాయి చప్పట్లకు చేతులెత్తబోయింది. చంపేస్తా అన్నట్టు చూశాను. తెలివైన పిల్ల, చేతులు జేబుల్లో పెట్టుకుంది. మరుసటి రోజు సాగనంపడం గుమ్మం దాటింది. ఇంకో రోజు వరండాలో కిటికీ దాకా పోయింది. నా సంతోషం పట్టలేక జగిత్యాల తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. “నేను జెప్పలే అక్కా” అన్నాడు, అంతా తన ఘనతే అయినట్టు.

ఉన్నట్టుండి ఆమె రావడం మానేసింది. గుమ్మం ముందు పోతూ పలకరిస్తుంది, నవ్వుతుంది, ఆగదు. నేను ఫ్లాస్కు ఎత్తి చూపించినా చెయ్యి అడ్డంగా ఊపి పోయింది. తర్వాత మా వైపు నడవడమే మానేసి అవతలి వరండాలో తిరగసాగింది. పెద్దామె మనసు చిన్నబోయింది. “మనమేం తప్పు చేసినామో” అని ఒకటే గొడవ. సాగనంపడానికి చుట్టమే లేదు, నడక ఎక్కడిది? మళ్ళీ మంచం, మళ్ళీ గోడ. నడక అమ్మాయి వస్తే కళ్ళు మూసుకునేది.

ఇంటికి పోయే రోజు దగ్గరపడింది. ఒక సాయంత్రం కొడుకు వరండాలో నిలబడి మస్కట్‌లో అన్నతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. కుర్చీ చూసి పెట్టు, గుమ్మాల్లో పట్టేది తీసుకో అంటున్నాడు. పాపం, అతనికీ అది బాధే. తలుపు ఓరగా ఉంది. మాట మంచం దాకా వినబడింది. పెద్దామె ముసుగు మొహం మీదికి లాక్కుంది. ఆమె ఏడవడం అన్నేళ్ళలో అదే మొదటిసారి చూశాను. నేను ఆ ముసుగు మీదే చెయ్యి వేసి కూర్చున్నాను.

మరునాడు మధ్యాహ్నం పెద్దామెకు సూపు తేవడానికి కింద భోజనాల గదికి పోయాను. కిటికీ పక్కన ఆ ఆస్ట్రియా ఆమె కూర్చుని ఉంది. రెండు చేతులతో మూతపెట్టిన గ్లాసు పట్టుకుని గొట్టంతో నీళ్ళు తాగుతోంది. తర్వాత చెంచా ఎత్తింది. చెంచా వణికింది, సూపు బల్ల మీద ఒలికింది. తుడుచుకుని మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వణికింది. బండి పట్టుకున్నప్పుడు ఆ వణుకు కనబడదు, వట్టి చేత్తో ఏదైనా ఎత్తితేనే.

 ఆమె ఏనాడూ కప్పు ఊపలేదు. ఇంకొంచెం పొయ్యమని చాపింది. చాపినప్పుడల్లా మేము కప్పు తీసేసుకున్నాం.

నడక అమ్మాయిని పట్టుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో కప్పు సంగతంతా చెప్పాను. ఆ పిల్ల నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఆమె నన్ను అడిగింది,” అంది. “మీ దగ్గర చుట్టాలు ఒక్క కప్పు తాగి లేచిపోవాలా అని. కూర్చుంటే మీకు ఇబ్బందేమో అని.”

సూపు మాట మరిచి పైకి పరుగెత్తాను. చెప్పింది విని పెద్దామె మంచం మీద లేచి కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే పడదామనే నిలబడ్డాను.

“నా చెప్పులు యాడ?” అంది.

కొడుకును పిలుస్తాను, కుర్చీ తెస్తాను అన్నాను.

“కుర్చీలో పోయి ఏం మొహం చూపిస్తాను? చుట్టాన్ని పొమ్మన్నట్టు చేసి, సామాను మాదిరి పోయి దిగేదా? కహ్వా కాయి. ఏలకులు ఇంకో నాలుగు వెయ్యి.”

కాచాను. ఆమె మంచి ముసుగు వేసుకుని, అత్తరు రాసుకుని, నడకకని ఆస్పత్రివాళ్ళు ఇస్తే ఇన్నాళ్ళూ మూలన పడి ఉన్న చక్రాల బండి పట్టుకుని లేచింది. నేను నడుము పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

“నన్ను పట్టుకోవద్దు. నువ్వు కహ్వా పట్టుకో.”

వరండా ఆ చివరి దాకా నడిచాం. మధ్యలో కుర్చీలున్నాయి, వాటివైపు చూడలేదు. కిటికీ దగ్గర ఆగింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ కదిలింది. నొప్పికి దవడలు బిగుసుకున్నాయి. నేను వెనకాల ఫ్లాస్కు, ఖర్జూరం డబ్బా, కప్పులు పట్టుకుని, లోపల్లోపల నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ నడిచాను. లిఫ్టు దిగిన కొడుకు తల్లిని చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు. కదలొద్దని కళ్ళతోనే చెప్పాను.

తలుపు కొట్టింది పెద్దామే. తెరిచింది ఆస్ట్రియా ఆమె. ఇద్దరూ బండ్లు పట్టుకుని ఎదురుబొదురుగా నిలబడ్డారు. ‘గ్రూస్ గాట్’ అంది మా పెద్దామె.

లోపల ఫ్లాస్కు నన్ను ముట్టనివ్వలేదు, తనే పోసింది. ఆస్ట్రియా ఆమె తాగి కప్పు చాపింది, కప్పు వణికింది. పెద్దామె ఎడమచెయ్యి ఆ చేతి కింద పెట్టి, కుడిచేత్తో పోసింది. మళ్ళీ చాపింది, మళ్ళీ పోసింది. అట్లా ఎన్నిసార్లో. చివరకు ఆమె నవ్వుతూ కప్పు మీద అరచెయ్యి మూసింది. కళ్ళద్దాల కింద కళ్ళు తుడుచుకుంది. మా ఆమె కూడా ముసుగు కొసతో అదే పని చేసింది.

మస్కట్‌లో కొన్న కుర్చీ విమానాశ్రయానికి వచ్చింది గానీ అందులో మా పెట్టెలు పెట్టాం. జగిత్యాల తమ్ముడు దాన్ని తోసుకుంటూ ముందు నడిచాడు, పెద్దామె చేతికర్ర పట్టుకుని వెనక నడిచింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. పెద్దామె ఇప్పటికీ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. మొన్న అందరూ మా ఇంటికి వచ్చిన రోజు నేను పోస్తున్నాను. పెద్దామె కప్పు చాపింది. కప్పు అటూ ఇటూ కదిలింది. పక్కనే కూర్చున్న పెద్దకోడలు, అత్తగారు చాలనుకున్నారని తీసుకోబోయింది. నేను కప్పు చూడలేదు, ఆమె కళ్ళు చూశాను. అవి ఫ్లాస్కు మీద ఉన్నాయి.

కోడలి చెయ్యి పక్కకు జరిపాను. నా ఎడమచెయ్యి పెద్దామె చేతి కింద పెట్టి పోశాను. కోడలు వింతగా చూసింది. పెద్దామె మాత్రం నా వైపు చూడకుండానే తాగి, మళ్ళీ చాపింది.

“ఇంకా పొయ్, పాపా” అంది.